చిగుళ్లలో చిచ్చు

పళ్లు ఊడగొట్టేది నోట్లోని సూక్ష్మజీవులేనని చాలామంది నమ్మకం. నిజానికి అవి అగ్గిపుల్ల గీసి ఊరుకుంటాయి. ఇల్లు తగలబెట్టేది మన ఒంట్లోని సొంత సైన్యమే! దానికి కబురు పంపేదెవరు, ఆగమని చెప్పేదెవరు, చెప్పినా అది ఎందుకు ఆగదు... చిగుళ్ల జబ్బు అసలు కథ ఇదే.

శ్రీలంక తేయాకు తోటలు. 1970లో దంతవైద్య పరిశోధకుల బృందం ఒకటి అక్కడికి వెళ్లింది. తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీల నోళ్లు తెరిపించి ఒక్కో పన్ను, ఒక్కో చిగురు కొలిచి రాసుకుంది. వాళ్లెవరూ టూత్‌బ్రష్షు పట్టినవాళ్లు కారు. దంతవైద్యుడి గడప తొక్కే అవకాశమూ వాళ్లకు లేదు. అందరి పళ్ల మీదా పాచి, గార దండిగా పేరుకుని ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే పుచ్చిన పళ్లు మాత్రం దాదాపుగా లేవు. అంటే, ఎవరికైనా పన్ను ఊడిందంటే అది చిగుళ్ల జబ్బు పనే అన్నమాట. పరిశోధకులకు కావాల్సిందీ అదే. 1985 వరకు, పదిహేనేళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి అవే నోళ్లను పరీక్షించారు.

1986లో బయటపెట్టిన లెక్కలు దంతవైద్య ప్రపంచాన్ని ఆలోచనలో పడేశాయి. ఆ కూలీల్లో 8 శాతం మందికి జబ్బు శరవేగంగా ముదిరింది. నలభై అయిదేళ్లు వచ్చేసరికి వాళ్ల నోట్లో పళ్లు మిగల్లేదు. 81 శాతం మందికి ఓ మోస్తరుగా, నెమ్మదిగా ముదిరింది. మిగిలిన 11 శాతం మందికి చిగుళ్లు ఎర్రబడి వాచాయి... అంతే! జబ్బు అక్కడే ఆగిపోయింది.

ఒకే పని. ఒకే తరహా జీవితం. అందరి నోళ్లలోనూ అదే పాచి. మరి ఒకరి పళ్లన్నీ రాలిపోయి, పక్కవాడి పళ్లు చెక్కుచెదరకుండా ఎలా ఉన్నాయి? తప్పంతా సూక్ష్మజీవులదే అయితే అందరికీ ఒకేలా జరగాలి కదా!

ఇరవై ఒక్క రోజుల పందెం
పాచికి ఏ పాపమూ తెలియదని కాదు. ఆ సంగతి అంతకు ముందే రుజువైంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్ దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చిన్న ప్రయోగం చేశారు. శ్రీలంక అధ్యయనానికి నాయకత్వం వహించిందీ ఆ తర్వాత ఈయనే. చిగుళ్లు శుభ్రంగా ఉన్న పన్నెండు మందిని ఎంచుకుని పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. చూస్తుండగానే పాచి పట్టింది. పది రోజుల నుంచి ఇరవై ఒక్క రోజుల్లోగా పన్నెండు మందికీ చిగుళ్లు వాచాయి. ఒక్కరూ తప్పించుకోలేదు. అప్పుడు మళ్లీ బ్రష్షు చేతికిచ్చారు. వారం తిరిగేసరికి చిగుళ్లు ఎప్పటిలా అయిపోయాయి.

చిగుళ్ల జబ్బులో రెండు మెట్లున్నాయని ఈ రెండు అధ్యయనాలూ కలిపి చెబుతాయి. మొదటిది చిగుళ్ల వాపు. డాక్టర్లు దాన్ని జింజివైటిస్ అంటారు. పాచి పట్టనిస్తే ఇది దాదాపు అందరికీ వస్తుంది, శుభ్రం చేస్తే పోతుంది. రెండోది పెరియోడాంటైటిస్. పాతతరం వాళ్లు పయోరియా అనే జబ్బు ఇదే. ఇందులో వాపు చిగురు దాటి లోపలికి దిగుతుంది. పంటిని దవడ ఎముకకు కట్టి ఉంచే నారలు తెగుతాయి, ఎముక కరుగుతుంది. ఒకసారి కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లలో ఎవరు రెండో మెట్టు ఎక్కుతారు, ఎంత వేగంగా ఎక్కుతారు అనేది మాత్రం పాచి ఒక్కటే తేల్చే విషయం కాదు. దాన్ని చూసి ఒళ్లు ఎలా స్పందిస్తుందన్నదే కీలకం.

ఇదేమీ కొద్దిమంది బాధ కాదు. తీవ్రమైన చిగుళ్ల జబ్బుతో ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది.

కబురు మోసే అణువులు
పంటి మీది పాచిలో ఏముందో మొదట చూసింది డెన్మార్క్ వాళ్లూ కాదు, అమెరికా వాళ్లూ కాదు. హాలెండ్‌లో బట్టల వ్యాపారం చేసుకునే ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. సొంతంగా తయారుచేసుకున్న భూతద్దం కింద తన పళ్ల సందుల్లోని తెల్లటి పదార్థాన్ని పెట్టి చూశాడు. గిలగిలా కదిలే జీవులు కనిపించాయి. 1683లో ఆ విషయాన్ని లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. అప్పటి నుంచి దాదాపు మూడు వందల ఏళ్లు అందరి చూపూ ఆ జీవుల మీదే. ఒళ్లు ఏం చేస్తోందన్నది పట్టించుకున్నది ఇటీవలి కాలంలోనే.

ఒంట్లోని కణాలకు నోరు లేదు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే చిన్నచిన్న ప్రొటీన్లను విడుదల చేస్తాయి. అవి వెళ్లి పక్క కణం మీదున్న గ్రాహకానికి అతుక్కుంటాయి. తాళంలో తాళంచెవి పెట్టినట్టు! దాంతో ఆ కణానికి సంగతి అర్థమై పనిలోకి దిగుతుంది. ఈ కబురు మోసే ప్రొటీన్లకే సైటోకైన్లని పేరు. 1974లో ఆ పేరు పెట్టారు. వాటిలో ఓ పెద్ద కుటుంబం ఇంటర్‌ల్యూకిన్లు. తెల్లరక్తకణాల మధ్య కబుర్లు మోస్తాయి కాబట్టి ఆ పేరు. 1979లో స్విట్జర్లాండ్‌లోని ఎర్మటింగెన్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ఆ పేరు ఖాయమైంది. కొవిడ్ విజృంభించిన 2020, 2021 సంవత్సరాల్లో టీవీల్లో, పేపర్లలో ‘సైటోకైన్ తుపాను’ అన్న మాట మోగిపోయింది. ఊపిరితిత్తుల్లో ఆ తుపాను కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చింది. చిగుళ్లలో తుపాను ఉండదు. ఏళ్ల తరబడి ముసురు పట్టినట్టు ఉంటుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. అందుకే చాలామంది పట్టించుకోరు.

రచ్చ మొదలయ్యేది ఇలా...
పంటికీ చిగురుకీ మధ్య సన్నటి గాడి ఒకటుంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పాచి మొదట పేరుకునేది ఈ గాడి అంచునే. పాచిలోని సూక్ష్మజీవుల పైపొర మీదుండే పదార్థాలను చిగురు పైపొర కణాలు ఇట్టే పసిగడతాయి. వెంటనే ఇంటర్‌ల్యూకిన్-8 అనే కబురు బయల్దేరుతుంది. దాని అర్థం ఒక్కటే... ‘ఇటు రండి!’ అని.

ఆ పిలుపు అందుకుని ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు. రక్తంలోని తెల్లరక్తకణాల్లో సగానికి పైగా ఇవే. రక్తనాళం గోడకు అతుక్కుని, సందు చేసుకుని బయటికి వచ్చి గాడిలోకి చేరతాయి. దొరికిన సూక్ష్మజీవిని దొరికినట్టు మింగుతాయి. చిగుళ్లు బాగున్నవాళ్లలో కూడా ఈ కాపలా పగలూ రాత్రీ సాగుతూనే ఉంటుంది. ఇంతవరకు అంతా మంచే.

పాచిని అలాగే వదిలేస్తే వ్యవహారం ముదురుతుంది. మాక్రోఫేజ్‌లు అనే మరో రకం కణాలు రంగంలోకి దిగుతాయి. అవి రెండు ఘాటైన కబుర్లు పంపుతాయి. ఒకటి ఇంటర్‌ల్యూకిన్-1, రెండోది టీఎన్‌ఎఫ్. వాటి ప్రభావానికి రక్తనాళాలు వెడల్పవుతాయి. మరింత రక్తం వస్తుంది. నాళాల్లోంచి నీరు ఊరుతుంది. చిగురు ఎర్రగా, మెత్తగా ఉబ్బేది అందుకే. బ్రష్షు తగిలితే చాలు రక్తం కారేదీ అందుకే. ఇంటర్‌ల్యూకిన్-6 అనే మరో కబురు రక్తంలో కలిసి కాలేయం దాకా వెళ్తుంది. అక్కడ సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారీ పెరుగుతుంది. ఒంట్లో ఎక్కడో వాపు ఉందని డాక్టర్లు రక్తపరీక్షలో కనిపెట్టేది దీంతోనే.

న్యూట్రోఫిల్స్ దగ్గర పదునైన కత్తెరల్లాంటి ఎంజైములు ఉంటాయి. అవి కణజాలంలో దారి చేసుకోవడానికి కొలాజెన్ అనే నారను కత్తిరిస్తాయి. కొద్దిరోజుల పోరాటమైతే తెగిన నారలు మళ్లీ అల్లుకుంటాయి. నెలలు, ఏళ్లు సాగితే అల్లుకునే దానికన్నా తెగేది ఎక్కువవుతుంది. పంటిని పట్టి ఉంచే నారలూ కొలాజెన్‌వే కదా! చిగురు పంటిని వదిలేస్తుంది. గాడి కాస్తా గుంట అవుతుంది. నాలుగు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్లు... లోతు పెరిగేకొద్దీ బ్రష్షు అందదు. గాలి తగలని ఆ చీకటి గుంటలో మరింత మొండి సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. తెగిన కణజాలపు ముక్కలే వాటికి మేత. అంటే వాపు వల్ల సూక్ష్మజీవులు బలుస్తాయి, వాటిని చూసి వాపు ఇంకా పెరుగుతుంది. ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టు అంటే ఇదే.

ఎముకను తినేదెవరు?
ఎముక రాయి కాదు. నిత్యం కరుగుతూ, తిరిగి కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలు ఆస్టియోక్లాస్ట్‌లు, కట్టే కణాలు ఆస్టియోబ్లాస్ట్‌లు. ఈ ఇద్దరి మధ్య సమతూకం ఉన్నంతకాలం ఎముక గట్టిగా ఉంటుంది. చిగుళ్ల జబ్బులో కరిగించేవాళ్లది పైచేయి అవుతుంది. వాళ్లను ఉసిగొల్పేదెవరు?

1972లో అమెరికా శాస్త్రవేత్తలు మనుషుల రక్తంలోని తెల్లరక్తకణాలను తీసి, పంటి పాచిలోని పదార్థంతో కలిపి పెంచారు. ఆ తర్వాత కణాలను తీసేసి, అవి నానిన ద్రవాన్ని మాత్రం ఎముక ముక్కల మీద పోశారు. ఎముక కరగడం మొదలుపెట్టింది! ఆ ద్రవంలో ఏదో ఉంది. అదేమిటో తేలడానికి పదమూడేళ్లు పట్టింది. 1985లో ఆ పదార్థాన్ని శుద్ధి చేసి చూస్తే అది ఇంటర్‌ల్యూకిన్-1లో బీటా రకమని తేలింది. చిగుళ్లను వాచేలా చేసే కబురే ఎముకనూ కరిగిస్తోందన్నమాట.

ఈ గొలుసులో చివరి లంకె 1997, 1998 సంవత్సరాల్లో దొరికింది. దాని పేరు ర్యాంక్-ఎల్. ఎముకను కరిగించే కణం పుట్టాలన్నా, పనిచేయాలన్నా ఈ కబురు అందాల్సిందే. చిగుళ్ల వాపులో ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17 లాంటివి ర్యాంక్-ఎల్ ఉత్పత్తిని పెంచుతాయి. అక్కడ గుమిగూడిన టి, బి లింఫోసైట్లు కూడా దాన్ని సొంతంగా తయారుచేస్తాయి. దానికి విరుగుడూ ఒళ్లే తయారుచేసుకుంది. అదే ఆస్టియోప్రొటెజెరిన్. ఇది ర్యాంక్-ఎల్‌ను దారిలోనే పట్టేసుకుంటుంది, కరిగించే కణం దాకా వెళ్లనివ్వదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువుంటే దవడ ఎముక తలరాత అలా ఉంటుంది.

చాలించండి... అనే కబుర్లు
రమ్మని పిలిచే కబుర్లు ఉన్నట్టే, చాలు ఇక ఆగమని చెప్పే కబుర్లూ ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-10 అలాంటిదే. మాక్రోఫేజ్‌ల దూకుడును తగ్గిస్తుంది. టీజీఎఫ్-బీటా అనేది గాయం మానే పనికి పురమాయిస్తుంది. ఇంకొకటి మరీ తమాషా అయింది. ఇంటర్‌ల్యూకిన్-1 వెళ్లి కూర్చునే గ్రాహకంలో ముందే వెళ్లి కూర్చుంటుంది. కానీ ఏ సంకేతమూ ఇవ్వదు. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి పెట్టినట్టు! అసలుది వచ్చినా చోటుండదు.

ఒకప్పుడు వాపు దానంతట అదే చల్లారిపోతుందని అనుకునేవారు. అది నిజం కాదని హార్వర్డ్ శాస్త్రవేత్త చార్లెస్ సెర్హాన్ పరిశోధనలు తేల్చాయి. చేప నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుల నుంచి ఒళ్లు రిజాల్విన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. కొత్త న్యూట్రోఫిల్స్‌ను రానివ్వకుండా ఆపడం, చచ్చిన కణాలను ఎత్తిపోయించడం వాటి పని. పెళ్లయ్యాక పందిరి విప్పి, ఊడ్చి, ఇల్లు సర్దే మనుషుల్లాంటివి. థామస్ వాన్ డైక్ బృందం 2000ల దశకంలో కుందేళ్ల మీద ప్రయోగాలు చేసింది. చిగుళ్ల జబ్బు తెప్పించిన కుందేళ్లకు రిజాల్విన్ పూస్తే వాపు తగ్గడమే కాదు, పోయిన ఎముకా కొంత తిరిగొచ్చింది. అలాగని చేప నూనె మాత్రలు మింగితే పళ్లు గట్టిపడతాయని కాదు. కుందేలు నోటికీ మనిషి నోటికీ మధ్య ఇంకా చాలా పరీక్షలున్నాయి.

ఎక్కువైనా తంటా... తక్కువైనా తంటా
మరి ఆ చెడ్డ కబుర్లను మందుతో ఆపేస్తే సరిపోదా? ఈ ఆలోచన శాస్త్రవేత్తలకూ వచ్చింది. 1998లో కోతుల మీద ప్రయత్నించారు. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్‌లను అడ్డుకునే మందును చిగుళ్లలోకి ఎక్కిస్తే ఎముక దగ్గరికి చేరే వాపు కణాలు 80 శాతం దాకా, ఎముక నష్టం 60 శాతం దాకా తగ్గాయి. నోట్లో సూక్ష్మజీవులు ఉండగానే ఈ ఫలితం! ఎముకను పాడుచేసేది సూక్ష్మజీవులు నేరుగా కాదు, మన స్పందనే అన్నదానికి ఇది గట్టి సాక్ష్యం.

కానీ ఆ కబుర్లు శత్రువుల మీద పోరాటానికీ అవసరమే. కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడినప్పుడు ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ కొందరిలో నిద్రలేచిందని 2001లోనే బయటపడింది. అందుకే ఇప్పుడు ఆ మందులు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. అలాంటి మందును చిగుళ్ల కోసం వాడటం దోమను చంపడానికి తుపాకీ తీయడమే.

ఇంటర్‌ల్యూకిన్-17 కథ ఈ చిక్కుముడిని ఇంకా బాగా చెబుతుంది. 2007లో ఈ కబురు అందని ఎలుకలను పరీక్షించారు. వాపు తక్కువుంటుంది కాబట్టి ఎముక భద్రంగా ఉండాలి కదా! జరిగింది దానికి రివర్సు. న్యూట్రోఫిల్స్ సరిగా రాక, సూక్ష్మజీవులు రెచ్చిపోయి ఎముక మరింత పోయింది. అంటే ఇంటర్‌ల్యూకిన్-17 లేకపోతే కష్టం.

అది ఎక్కువైతే? దానికి జవాబు ఓ అరుదైన పుట్టు జబ్బు ఇచ్చింది. ఆ జబ్బుతో పుట్టిన పిల్లల్లో న్యూట్రోఫిల్స్‌కు రక్తనాళం గోడకు అతుక్కునే జిగురు ఉండదు. అందుకని అవి రక్తంలోనే తిరుగుతాయి, చిగుళ్లలోకి రాలేవు. ఆ పిల్లలకు పాలపళ్లూ, తర్వాత వచ్చే పళ్లూ చిన్న వయసులోనే ఊడిపోతాయి. కాపలా లేదు కాబట్టి సూక్ష్మజీవులు తినేస్తున్నాయని దశాబ్దాలుగా అనుకున్నారు. యాంటీబయాటిక్స్ ఇచ్చారు. పెద్దగా ఫలితం లేదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసే నికి మౌట్సోపౌలోస్ బృందం 2014లో అసలు కారణం చెప్పింది. మామూలుగా న్యూట్రోఫిల్స్ చిగురులోకి వచ్చి, పని ముగించుకుని చనిపోతాయి. వాటిని మింగిన మాక్రోఫేజ్‌లకు ‘సైన్యం అందింది, ఇక పిలవక్కర్లేదు’ అని అర్థమవుతుంది. ఈ పిల్లల్లో సైన్యం రానేరాదు. దాంతో పిలుపు ఆగదు. ఇంటర్‌ల్యూకిన్-23, దాని వెనకే ఇంటర్‌ల్యూకిన్-17 వరదలా పారుతూనే ఉంటాయి. ఎముకను కరిగించింది ఆ వరదే! 2017లో అదే బృందం ఈ జబ్బున్న ఒక రోగికి సోరియాసిస్ అనే చర్మవ్యాధికి వాడే మందు ఇచ్చి చూసింది. అది ఇంటర్‌ల్యూకిన్-23ని అడ్డుకుంటుంది. ఏళ్లుగా లొంగని చిగుళ్ల వాపు తగ్గింది. మానని పుండు మానింది. కబురు ఆపితే జబ్బు ఆగుతుందని మనిషిలో కళ్లారా చూపించిన సందర్భమది.

తీపి రక్తానికి చేదు ఫలం
ఒకే పాచికి ఒకరు ఎక్కువగా, ఒకరు తక్కువగా ఎందుకు స్పందిస్తారు? కొంత పుట్టుకతోనే వస్తుంది. 2000లో అమెరికాలో 117 జంటల కవలలను పరిశీలించినప్పుడు, చిగుళ్ల జబ్బులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో దాదాపు సగం వంశపారంపర్యమేనని తేలింది. మిగతా సగం మన చేతుల్లో ఉన్నదే. అందులో పెద్దవి రెండు... మధుమేహం, పొగాకు.

రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే అది ప్రొటీన్లకు అంటుకుంటుంది. చక్కెర అంటిన ఆ ప్రొటీన్లను చూసి మాక్రోఫేజ్‌లు ఉన్నదానికన్నా ఎక్కువగా రెచ్చిపోతాయి. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ మరింతగా వదులుతాయి. అందుకే చక్కెర అదుపులో లేనివాళ్లకు చిగుళ్ల జబ్బు ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. మధుమేహం వల్ల కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతింటాయని అందరికీ తెలుసు. చిగుళ్ల జబ్బును మధుమేహం తెచ్చే ఆరో చిక్కుగా లెక్కించాలని 1993లోనే హరాల్డ్ లో రాశారు.

ఇది ఒకవైపు దారి కాదు. చిగుళ్లలో పుట్టిన టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని 2022లో ఎన్నో పరీక్షలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. ఇది షుగరు మందులు మానేయడానికి అనుమతి కాదు. మందులతో పాటు నోటిని కూడా చూపించుకోమని చెప్పే లెక్క. షుగరు కోసం నెలనెలా రక్తపరీక్ష చేయించుకునే ఇళ్లలోనూ నోరు చూపించుకునేవాళ్లు తక్కువే!

పొగాకుది మరో మాయ. అది చిగుళ్లలోని రక్తనాళాలను బిగిస్తుంది. దాంతో లోపల ఎముక పోతున్నా రక్తం కారదు, చిగురు ఎర్రబడదు. ప్రమాద ఘంటికను మోగనివ్వకుండా దొంగను ఇంట్లోకి పంపినట్టు! ‘నాకు రక్తమే రాదు, నా చిగుళ్లు గట్టివి’ అనే సిగరెట్ అలవాటున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతిది.

చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజమే. అయితే ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాలేదని అమెరికా హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. గర్భిణులకు చిగుళ్ల చికిత్స చేస్తే నెలలు నిండకుండా కాన్పు కావడం తగ్గుతుందని ఆశించారు. 2006లో వచ్చిన పెద్ద పరీక్షలో అలా తగ్గలేదు. కానీ చికిత్స వల్ల తల్లికీ బిడ్డకీ హాని లేదని, చిగుళ్లు బాగుపడ్డాయని అదే పరీక్ష చెప్పింది.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?
ఇంత శాస్త్రం తెలిసినా చికిత్సలో మొదటి మెట్టు మాత్రం పాతదే. కబురు పుట్టించే కారణాన్ని తీసేయడం. పాచిని బ్రష్షుతో తీయొచ్చు. అది గట్టిపడి గార అయ్యాక ఏ పేస్టూ, ఏ పొడీ, ఏ పుల్లా దాన్ని కదపలేదు. డాక్టరు స్కేలింగ్ చేయాల్సిందే. గుంటలు లోతుగా ఉంటే చిగురు కింద పంటి వేరును కూడా శుభ్రం చేస్తారు. గార పోగానే పిలుపులు తగ్గుతాయి. ఇంటర్‌ల్యూకిన్-1 స్థాయి దిగుతుంది. వాపు తీసి, చిగురు మళ్లీ పంటికి హత్తుకుంటుంది. రెండు నెలల్లోపు డాక్టరు మళ్లీ గుంటలు కొలిచి చూస్తారు. తగ్గనిచోట చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు.

‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, సందులు పడతాయి’ అన్న భయం చాలా ఇళ్లలో ఉంది. సందు క్లీనింగ్ వల్ల వచ్చింది కాదు. అక్కడ ఎముక ఎప్పుడో పోయింది. ఆ ఖాళీని ఇన్నాళ్లూ గార, ఉబ్బిన చిగురు కప్పి ఉంచాయి. రెండూ పోగానే అసలు రూపం బయటపడింది. గారే పంటిని పట్టి ఉంచుతోందనుకుని వదిలేస్తే, దాని కింద మిగిలిన ఎముక కూడా పోతుంది.

ఒంటి స్పందనను మచ్చిక చేసుకునే మందు కూడా ఒకటి ఉంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు కొలాజెన్‌ను కత్తిరించే ఎంజైములను అడ్డుకునే గుణం ఉందని లోర్న్ గోలబ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. సూక్ష్మజీవులను చంపలేనంత తక్కువ మోతాదులో, 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లో అనుమతి ఇచ్చింది. అదైనా క్లీనింగ్‌కు తోడే తప్ప దానికి బదులు కాదు. డాక్టరు చెప్పకుండా మందుల షాపులో కొనుక్కుని మింగేది అసలే కాదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు
* తోముకునేటప్పుడు రక్తం రావడం. రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేస్తే పాచి పెరిగి జబ్బు ముదురుతుంది. మెత్తటి బ్రష్షుతో తోముతూనే డాక్టరుకు చూపించుకోవాలి.
* చిగుళ్లు ఎర్రగా, మెత్తగా ఉబ్బి ఉండటం, నొక్కితే చీము రావడం.
* ఎంత తోమినా పోని దుర్వాసన.
* పళ్లు పొడవైనట్టు కనిపించడం. పన్ను పెరగలేదు, చిగురు కిందికి జారిందని అర్థం.
* ముందు పళ్ల మధ్య కొత్తగా సందులు రావడం, నమిలేటప్పుడు పన్ను కదిలినట్టు అనిపించడం.
* మధుమేహం ఉన్నవాళ్లు, పొగాకు అలవాటున్నవాళ్లు, ఇంట్లో అమ్మకో నాన్నకో చిన్న వయసులోనే పళ్లు ఊడిన చరిత్ర ఉన్నవాళ్లు ఏ లక్షణమూ లేకపోయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు చూపించుకోవాలి.

రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. బ్రష్షును చిగురు అంచు మీద కాస్త ఏటవాలుగా పెట్టి తోమాలి. పళ్ల సందులను దారంతోనో, సందుల్లో దూరే చిన్న బ్రష్షుతోనో రోజుకోసారి శుభ్రం చేయాలి. వయసు మీద పడితే పళ్లు ఊడటం సహజమని సరిపెట్టుకోనక్కర్లేదు. ఊడగొడుతున్నది వయసు కాదు, ఏళ్ల తరబడి ఆగకుండా వెళ్తున్న ఆ పిలుపు. దాన్ని ఎంత తొందరగా ఆపితే అంత ఎముక మిగులుతుంది.